సీలుకు జానెడు దూరం

మండు వేసవిలో ఎవరి దగ్గరైనా ఉన్ని స్వెట్టరు కనిపిస్తే నా కాళ్లు ఆగిపోతాయి. ఈ ఎండాకాలం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర అలాగే ఆగిపోయాను. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసి ఉంది. ఆ దుమ్ములో బస్సు కోసం నిలబడి లోకాన్నంతా తిట్టుకుంటుంటే, ఒకాయన బైకు మీద వచ్చి సరిగ్గా నా ముందు బ్రేకు వేశాడు. హ్యాండిలుకు ముదురు ఎరుపు రంగు స్వెట్టరు వేలాడుతోంది. ఏ ఐస్‌క్రీము గోదాములోనో పనిచేసే మనిషి అయ్యుంటాడు. దారి దొరకగానే వెళ్లిపోయాడు. నేను ఎక్కాల్సిన బస్సు కూడా వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే ఉన్నాను.

దానికి కొద్దిరోజుల ముందే ఎల్లయ్య ఫోన్ చేశాడు. ఎల్లయ్య మా కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రీ. పక్క షెడ్డువాళ్లకు కూడా వినపడేలా మాట్లాడే మనిషి, ఆరోజు మెల్లగా, "సారూ, స్వెట్టరమ్మ పోయిందట. నిద్రలనే పానం పోయిందట" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యడం ఇద్దరం మరిచిపోయాం.

స్వెట్టరమ్మ అసలు పేరు నాకు తెలుసు. రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. కాగితం మీద సంతకం ఉంది కదా, ఇంక పేరెందుకు అనేది. ఎక్కడ చదివింది, ఎప్పుడు ఉద్యోగంలో చేరింది, ఇంట్లో ఎవరెవరున్నారు వంటివి నన్ను అడగొద్దు. అడిగితే చెప్పే మనిషి కాదామె. అడిగే చొరవ నాకూ లేదు. జనగామ వైపు పల్లెటూరి మనిషి. మేడిపల్లిలో ఇల్లు. పశువుల డాక్టరు. విదేశాల నుంచి వచ్చే మాంసం, తోళ్లు, ఇంకా జంతువులకు సంబంధించిన సరుకు ఏదైనా సరే, దానితో పాటు ఏ రోగమూ మన దేశంలో దిగకుండా చూసే ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. నాకు తెలిసింది ఇంతే, నాకు కావలసింది కూడా ఇంకేమీ లేదు.

మాది నాచారం పారిశ్రామికవాడలో ఒక పాత కోల్డ్ స్టోరేజీ. గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పని నేర్చుకుని, ఇక్కడ మేనేజరుగా చేరాను. ముందు గదుల్లో చింతపండు, ఎండుమిర్చి. వెనకవైపు, వేరే దారి ఉన్న గదిలో పెద్ద హోటళ్ల కోసం ఓడల్లో వచ్చే గొర్రె మాంసం. రేవులో దిగిన సరుకు చలిపెట్టె లారీలో మా దాకా వచ్చేది. ఆమె వచ్చి చూసి, శాంపిళ్లు తీసి, గది తలుపుకు తీగ చుట్టి సీసపు సీలు వేసేది. ల్యాబు నుంచి ఫలితం వచ్చి, ఆమె సరేనని కాగితం ఇచ్చేదాకా ఆ తలుపు తెరవడానికి లేదు. అప్పటిదాకా హోటళ్లకు సరుకు తెప్పించే వ్యాపారి నాకు ఫోన్ మీద ఫోన్. ఆయన్ని ఓదార్చడం నా ఉద్యోగంలో సగం.

మొదటిసారి ఆమెను చూసింది రోహిణీ కార్తె ఎండల్లో. గేటు ముందు స్కూటీ ఆపి, సంచిలోంచి మగవాళ్ల స్వెట్టరు ఒకటి తీసి చీర మీద తొడిగింది. మోచేతుల దగ్గర వేరే రంగు ఉన్నితో అతుకులు. తర్వాత మంకీ టోపీ. తర్వాత మేజోళ్లు. ఎదురుగా చాయ్ దుకాణం దగ్గర బనీన్లతో కూర్చుని చెమటలు తుడుచుకుంటున్న హమాలీలు చాయ్ తాగడం ఆపేశారు. లోపల గది చలి ఎంతో వాళ్లకు తెలుసు కానీ, గేటు బయటే అంత ఏర్పాటుతో తయారయ్యే ఆఫీసరును వాళ్లు చూడలేదు. చాయ్ దుకాణం వాడే స్వెట్టరమ్మ అని పేరు పెట్టాడు. వారం తిరక్కుండా నాకు ఫోన్ వచ్చింది. "మేనేజరన్నా, నేను స్వెట్టరమ్మను మాట్లాడుతున్న. రేపొస్త" అంది. పేరు పెట్టిన వాణ్ని వెతికి మరీ వాడి దగ్గర చాయ్ తాగిందని తర్వాత తెలిసింది.

ఆమె పని చేస్తుంటే చూడాలి. కుర్చీ వేస్తే కూర్చోదు. అట్టపెట్టెను మెటికలతో కొట్టి, తల పక్కకు వంచి వింటుంది. పెట్టె తెరిచాక ముందు వాసన చూస్తుంది, తర్వాత అడుగున చెయ్యి పెడుతుంది. ఆ గదిలో నాకు పళ్లు టకటకలాడుతుంటే ఆమె తీరిగ్గా, బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కొక్క మూల తడిమేది. సరుకు ఎలా ఉంది మేడమ్ అని అడిగితే, "ఎండ మస్తుగున్నది" అనేది. బాగుందనీ అనదు, బాగాలేదనీ అనదు. ఆ వ్యాపారి అడిగినా అదే జవాబు. ఒకసారి ఎవరో పెద్దమనిషి చేత ఫోన్ చేయించాడు. ఆమె చివరిదాకా ఓపిగ్గా విని, "నమస్తే సార్. ఎండ మస్తుగున్నది" అని ఫోన్ ఇచ్చేసింది. బయట జోరుగా వాన పడుతోంది.

లారీ గేట్లోకి రాగానే మాత్రం ఒక మాట అనేది. "చుట్టమొచ్చింది. కాళ్లు కడుక్కోని లోపటికి రావాలె." ఏ సరుకు వచ్చినా అదే మాట. మొదట్లో నాకు విసుగేసేది. దొంగసరుకైనట్టు ఈ అనుమానమేమిటనిపించేది. అక్కడి దేశంలో డాక్టర్లు చూసి ఇచ్చిన ధ్రువపత్రం ఉంది, ఇక్కడ మళ్లీ ఈ తతంగమెందుకు అనిపించేది. ఆ విసుగు పోయింది ఒక లారీ దగ్గర.

ఆరోజు ఒక పెట్టె తెరిచి అడుగున చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయింది. నన్ను పిలిచి చూపించింది. మూలన గులాబీ రంగు మంచు గడ్డకట్టి ఉంది. తెల్లగా ఉండాల్సిన మంచు ఆ రంగులో ఉందంటే దారిలో ఎక్కడో సరుకు కరిగి, నెత్తురు నీళ్లు కారి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఆ లోడు లోడంతా వద్దంది. వ్యాపారి పరుగెత్తుకొచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నష్టానికి భయపడ్డాడు. ఎలాగూ గంటలకొద్దీ ఉడికిస్తారు, ఏ రోగం బతికుంటుంది మేడమ్ అని వాదించాడు. నాకూ ఆ మాటలో న్యాయముందనిపించింది.

ఆమె ఆయన్ని గోడ దాకా తీసుకెళ్లింది. గోడ అవతల, ఫ్యాక్టరీల నీళ్లు పారే మోరీ పక్కన గడ్డిలో మేకలు మేస్తున్నాయి.

"ఉడకవెట్టేది కూరకు పోయేది. కడిగిన నీళ్లు, చెక్కేసిన కొవ్వు, బొక్కలు యాడికి పోతయి? గా మోరీలకే. రోగమొస్తే హోటల్ల తిన్నోనికి రాదు సార్, దీనికొస్తది. దానికి ధ్రువపత్రం సదువరాదు."

ఆయన మేకల వంక చూశాడు. నేనూ చూశాను. అప్పటిదాకా ఆ మేకల్ని నేను గోడ పక్కన చెత్త లెక్కన చూశానే తప్ప, ఈ ఉద్యోగమంతా వాటికోసమని నాకు తట్టలేదు. ఆమె కళ్లకు ప్రతి అట్టపెట్టె వెనకా ఒక మంద కనిపించేది. మేడిపల్లి నుంచి నారపల్లి దాకా ప్లాట్ల మధ్య మిగిలిన బీళ్లలో మేసే గొర్రెలు, అంతకు అవతల జనగామ దాకా ఉన్న గొర్రెలు. ఆ లోడును గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చేదాకా ఆమె అక్కడ్నుంచి కదల్లేదు. ఆరోజు నుంచి నేను విసుక్కోవడం మానేశాను. మానేశానంటే, ఆమె ముందు మానేశాను.

ఇక అసలు సంగతి. కరెంటు కోతలతో ఫ్యాక్టరీలు వారంలో కొన్నాళ్లు మూతపడుతున్న రోజులవి. మా జనరేటర్లు, చలిగాలి ఊదే ఫ్యాన్లు రాత్రీపగలూ తిరిగి తిరిగి, ఎప్పుడు ఆగిపోతాయో అన్నట్టుండేవి. ఆ ఏడాది దసరా ముందర పెద్ద లోడు వచ్చింది. ఆమె శాంపిళ్లు తీసి, తలుపుకు సీలు వేసి, పక్కన గోడకు ఎప్పటిలాగే ఇంగ్లీషులో నోటీసు అంటించి, సంతకం పెట్టి వెళ్లింది. నేను పండక్కి ఇంట్లో ఉన్నాను.

పండగ మర్నాడు వెళ్లి ముందుగా వెనక గది తలుపు చూశాను. సీసపు సీలుకు పసుపు రాసి కుంకుమ బొట్టు. తీగ విప్పి, మళ్లీ చేత్తో మెలిపెట్టి ఉంది. గోడకున్న నోటీసుకు కూడా బొట్టు.

ఆయుధ పూజ అంటే మా దగ్గర మామూలుగా జరగదు. తూకపు యంత్రం, తోపుడు బండ్లు, జనరేటర్లు, ప్రతి గదిలోపలి ఫ్యాన్లు, అన్నిటికీ బొట్టు పడాలి. ఒక్కటి వదిలేస్తే అది అలుగుతుందని హమాలీల నమ్మకం. కరెంటు కోతల్లో అంత చాకిరీ చేసిన వెనక గది ఫ్యాన్లను వదిలెయ్యడానికి ఎల్లయ్యకు మనసొప్పలేదు. తీగ విప్పాడు. లోపలికెళ్లి బొట్టు పెట్టి, కొబ్బరికాయ గుమ్మం బయటే కొట్టి, తలుపు మూసి, తీగ మళ్లీ చుట్టాడు. అంతటితో ఊరుకోక, ఇన్నాళ్లూ కాపలా కాసిన సీలును వదిలేస్తే ఏం బాగుంటుందని దానికీ బొట్టు పెట్టాడు. ఇంత భక్తితో నేరం చేసినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

మా యజమానిని అందరం సేటు అంటాం. వచ్చీ రాగానే తల పట్టుకున్నాడు. సీలు పోయిందంటే విదేశీ సరుకు దాచే అనుమతి పోతుంది. ఆమె వచ్చేలోగా ఆయనకొక ఉపాయం తట్టింది. మాంసం దొంగిలించడానికి మేస్త్రీ తలుపు తెరిచాడని పోలీసులకు ఫిర్యాదు చేస్తే స్టోరేజీ తప్పు ఉండదు, దొంగ తప్పవుతుంది. వ్యాపారి కూడా సై అన్నాడు. ఎల్లయ్య ఆ మాటలు వింటూ తూకం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంట్లో పెళ్లీడు పిల్లల్లేరు, అప్పుల్లేవు, కానీ దొంగ అని పేరు పడితే ఈ పారిశ్రామికవాడలో ఏ గేటూ ఆ మనిషికి తెరుచుకోదు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఆమె వచ్చింది. గేటు దగ్గరే స్వెట్టరు తొడుక్కుంది. సీలును ముట్టుకోకుండా వంగి చాలాసేపు చూసింది. ఎవరు తెరిచారని అడిగింది. సేటు నోరు తెరిచేలోగా ఎల్లయ్య ముందుకొచ్చాడు.

"నేనే తెరిసిన అమ్మా. లోపటి ఫ్యాన్లకు బొట్టు వెట్టిన. ఏం ముట్టలే."

"గోడకు కాగితం ఉన్నది గద. సూడలేదా?"

"సూసిన. ఇంగ్లీషుల ఉండె. మీ సంతకం గుర్తువట్టిన. అందుకే దానికి గూడ బొట్టు వెట్టిన."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సేటు దొంగతనం కథ మొదలుపెట్టాడు. వింటూనే లోపలికెళ్లింది. గదిలో చలి ఎంతుందో రాసే యంత్రపు కాగితం చూసింది. పెట్టెలన్నీ తట్టింది, కొన్ని తెరిపించింది. బయటికి వచ్చాక, ఎన్నడూ కుర్చీలో కూర్చోని మనిషి, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూలబడినట్టు కూర్చుంది. హమాలీలందర్నీ రమ్మంది. ఏదో చివాట్లు పెడుతుందని వాళ్లు దూరదూరంగా నిలబడ్డారు.

"మా నాయినమ్మ అంగట్ల గొర్రెను కొనుక్కొస్తే సక్కగ మందల కలపనిచ్చేది కాదు," అని మొదలుపెట్టింది. "ఇంటెనుక ఏరే దొడ్డి ఉండె. అమాస పోయి పున్నమొచ్చేదాంక ఆ గొర్రె ఆడనే. నీళ్లు ఏరే, మేత ఏరే. ఆ దొడ్డికి పోయొచ్చినోళ్లు కాళ్లు కడుక్కోనిదే మంద దిక్కు రానిచ్చేది కాదు. మంచి గొర్రెనో చెడ్డ గొర్రెనో అప్పుడే ఎట్ల తెలుస్తది? కొత్తది గాబట్టి ఆగాలె. ఒక్క యేడు మా చిన్నాయిన తొందరపడి కలిపిండు. ఆ యేడు మా ఇంట్ల ఒక్క గొర్రె గూడ మిగల్లే. మా నాయినమ్మ ఖాళీ దొడ్డి ఊడ్సుకుంట కూసునేది."

వెనక గది తలుపు వైపు చెయ్యి చూపించింది.

"ఈ గది ఏరే దొడ్డి. ఈ సీలు దొడ్డికి కట్టిన తడిక. గంతే. నా ఉద్యోగం సర్కారు కనిపెట్టింది గాదు, మా నాయినమ్మ కనిపెట్టింది."

ఎల్లయ్య తల గోక్కున్నాడు. "గీ మాట ముందుగాల్నే చెప్తే అయిపోవు గదమ్మా. దొడ్డి తడిక ఎవలన్న ఇప్పుతరా?"

ఆమె ఎల్లయ్య మొహంలోకి చూసింది. "అవు ఎల్లన్నా. చెప్పలే," అంది. సంచిలోంచి కాగితాలు తీసి మోకాలి మీద పెట్టుకుని అక్కడే రాసింది. రాసింది అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పింది. సీలు పూజ కోసం తెరిచారు. దొంగతనం లేదు, సరుకు తగ్గలేదు. సీలు అంటే ఏమిటో అక్కడ పనిచేసేవాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పడం నా బాధ్యత. నేను చెప్పలేదు, అని చెప్పి సంతకం పెట్టింది.

వ్యాపారికి ఆశ పుట్టింది. దొంగతనం లేదన్నారు కాబట్టి సరుకు కూడా వదిలెయ్యండి, దీపావళి ఆర్డర్లున్నాయి, దేవుడి పూజే కదా జరిగింది అన్నాడు.

"పూజ మంచిదే సార్. తడిక ఇప్పినంక చుట్టం మళ్ల కాళ్లు కడుక్కోవాలె" అని, లోడంతటికీ మళ్లీ శాంపిళ్లు తీసింది. కొత్త సీలు వేసింది. పోతూ పోతూ సేటు దగ్గర ఆగి, "ఎల్లన్నను పనిలకెళ్లి తీసేస్తే నా రిపోర్టు అబద్ధమని మీరన్నట్టు. అప్పుడు నేను మళ్లొచ్చి మొదట్నుంచి అడగాలె" అంది. ఎల్లయ్య పని ఎల్లయ్యకు ఉంది.

రెండోసారి ఫలితం కూడా సరుకు మంచిదనే వచ్చింది. కానీ దీపావళి వెళ్లిపోయాక వచ్చింది. వ్యాపారి అలిగి కొన్నాళ్లు సరుకు వేరే స్టోరేజీకి పంపాడు. మాకు హెచ్చరిక కాగితం అందింది. ఆమెకు పైనుంచి మెమో వచ్చింది, విధి నిర్వహణలో లోపం మీరే ఒప్పుకున్నారు కనుక అంటూ. అయ్యో మేడమ్ అని నేను నొచ్చుకుంటే, "మెమోదేమున్నది అన్నా, ఫైల్ల పడుంటది. లేకుంటే ఎల్లన్న ఇంట్ల పడుంటుండె" అంది. ఏదో చిల్లర విషయం చెప్పినట్టు చెప్పి, పెట్టెలు తట్టుకుంటూ లోపలికి పోయింది. ఆ క్షణం నాకు లేచి నిలబడాలనిపించింది. అప్పటికే నిలబడి ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను. నేను ఎందరో ఆఫీసర్లను చూశాను. నిప్పులాంటి వాళ్లను చూశాను, వెన్నలాంటి వాళ్లను చూశాను. సరుకును వదలకుండా, మనిషిని పోగొట్టకుండా, ఆ బరువు తన నెత్తిన పెట్టుకుని నడిచిపోయిన ఆఫీసరును ఒక్కర్నే చూశాను. ఆమె మా గేటులోంచి నడిచింది. ఆ మాట ఎవరి దగ్గరైనా గర్వంగా చెబుతాను.

ఇంగ్లీషు నోటీసు పక్కన ఎల్లయ్య సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో రాయించాడు, "ఇది వేరే దొడ్డి. డాక్టరమ్మ రానిదే తెరవొద్దు" అని. అక్షరాలు చెరిగినప్పుడల్లా కొత్తగా దిద్దేవారు. హమాలీలు నన్నే ఆ తలుపు దగ్గర నిలబడనిచ్చేవారు కాదు. తీగకు దూరంగా ఉండండి సారూ అని నా మీద అధికారం చేసేవారు. జీతమిచ్చే సేటును కూడా ఒకసారి ఆపారు. ఆ ఏడాది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా ఉండేది, రోజు మార్చి రోజు బందులు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను గోంగూర పచ్చడి మూత తీస్తే ఆమె, "మేనేజరన్నా, మీ దిక్కు సరుకిది, ఏరే దొడ్డిల పెట్టాలె" అనేది. అని, ముందు తనే వేసుకునేది. శాంపిలు చాల్లేదని మళ్లీ వేసుకునేది.

మరుసటి దసరాకు, సెలవు రోజైనా, సంచి తగిలించుకుని స్కూటీ మీద వచ్చింది. వెనక గదిలో మళ్లీ సీలు వేసిన సరుకే ఉంది. తానే సీలు తీసింది. ఎల్లయ్య చేత మందు నీళ్లలో కాళ్లు కడిగించి, లోపలికి పంపి, ఫ్యాన్లకు బొట్టు పెట్టించి, మళ్లీ సీలు వేసింది. ఎల్లయ్య కుంకుమ పట్టుకుని సీలు ముందు నిలబడ్డాడు. దానికి పెట్టకుండా ఉండలేకపోతున్నాడు. ఆమె సీలు పక్కన తన చెయ్యి చాపి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా కొలిచి, తలుపు మీద ఒక చోటు చూపింది.

"ఈడ వెట్టు. సీలుకు జానెడు దూరం."

అదే ఆచారమైంది. ఏటా ఆమె రావడం, సీలు తియ్యడం, బొట్టు, మళ్లీ సీలు, జానెడు దూరంలో ఇంకో బొట్టు. పూజ అయ్యాక జమ్మి ఆకు తెచ్చి ఎల్లయ్య చేతిలో పెట్టి, పెద్దవాడని కాళ్లకు మొక్కబోయేది. ఎల్లయ్య ప్రతిసారీ తోపుడు బండి వెనక దాక్కునేవాడు. తలుపు మీద ఆ బొట్టు చోటు ఏటికేడు ఎర్రబడి, తుడిచినా పోని మచ్చగా మిగిలింది.

రిటైరై వెళ్లిన ఆమె ఏడాది తిరక్కుండా పోయింది. కొత్త రాష్ట్రాన్ని చూడలేదు. ఇంకొక్క నెల ఉంటే చూసేది.

ఆమె స్థానంలో వచ్చింది ఒక యువకుడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. ఈ దసరాకు ముందు సరుకుకు సీలు వేసి, పండక్కి ఊరెళ్లాడు. పూజ రోజు నేను ఇంట్లో కూర్చోలేక నాచారం వెళ్లాను. అన్నిటికీ బొట్లు పడ్డాయి. వెనక గది తలుపు ముందు అందరూ నిలబడి ఉన్నారు. లోపలి ఫ్యాన్లకు ఈ ఏడు బొట్టు లేదు. అయినా ఎవరూ తీగ మీద చెయ్యి వెయ్యలేదు.

ఎల్లయ్య కుంకుమ గిన్నె పట్టుకుని సీలు పక్కన చెయ్యి చాపి కొలిచాడు. మూటలు మోసిన పెద్ద చెయ్యి. చిటికెనవేలు పాత ఎర్రమచ్చను దాటి ముందుకు పోయింది. వేళ్లు ముడిచాడు.

"నా జాన లెక్క గాదు సారూ. ఆమె జాననే" అని, బొట్టు పాత మచ్చ మీదే పెట్టాడు.

పండగ అయ్యాక కొత్త డాక్టరు వచ్చాడు. సీలు చూశాడు, చెక్కుచెదరలేదు. పక్కనున్న బొట్టు, గోడ మీద సుద్దముక్క రాతలు చూసి, ఇదేమిటని నన్ను అడిగాడు. నేను చెబుదామని గొంతు సవరించుకునేలోగా ఎల్లయ్య ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, దుమ్ము దులిపి, కూసోన్రి సారూ అన్నాడు. ఆ అబ్బాయి కూర్చున్నాడు. హమాలీలు చుట్టూ చేరారు. ఎల్లయ్య తన పెద్దగొంతుతో మొదలుపెట్టాడు.

"మా నాయినమ్మ అంగట్ల గొర్రెను కొనుక్కొస్తే సక్కగ మందల కలపనిచ్చేది కాదు సారూ. ఇంటెనుక ఏరే దొడ్డి ఉండె..."

ఎల్లయ్యవాళ్లది పోచంపల్లి వైపు మగ్గం నేసే ఇల్లు. వాళ్లింట్లో ఏనాడూ ఒక్క గొర్రె లేదు.